నీటి గొట్టం, గ్యాసు గొట్టం ఒకటి కావు

ఈ శీర్షికలో నెలనెలా వంటింటి సంగతులో, పిల్లల చదువుల సంగతులో ముచ్చటించుకుంటున్నాము. ఈ నెల నేను చేసిన ఒక పొరపాటును మీ ముందుంచదలచాను. దీన్ని గురించి వ్రాయాలా వద్దా అని కొన్నాళ్ళు తటపటాయించాను. గృహ నిర్వహణ గురించి ఇతరులకు చెప్పే మనిషి తన ఇంట్లోనే ఇంత అజాగ్రత్తగా ఉన్నదా అని మీరు అనుకుంటారేమోనన్న బిడియం ఒకటి ఉన్నది. అయినా, ఇదే పొరపాటు నాకు తెలిసిన మరికొన్ని ఇళ్ళలోనూ జరిగిందని తరువాత తెలిసింది. అందువల్ల ఆ బిడియాన్ని పక్కన పెట్టి వ్రాస్తున్నాను.

పోయిన రమజాన్ మాసంలో, రెండో పదిరోజులు మొదలైన సమయమది. సహరీ ముగించి, ఫజ్ర్ నమాజు చేసుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి ఒక రకమైన దుర్గంధం ముక్కుకు తగిలింది. కుళ్ళిన వెల్లుల్లి వాసనో, మురుగు వాసనో తెలియని వాసన అది. గిన్నెలు కడిగే సింకు కింద చెక్క తలుపుల అర ఉన్నది. ఆ తలుపు తీస్తే వాసన మరింత ఘాటుగా వచ్చింది. సింకు గొట్టం ఎక్కడో పగిలి మురుగు కారుతున్నదని నేను నిర్ణయించుకున్నాను. అత్తమ్మను అడిగితే, "నాకేమీ తెలియడం లేదే" అన్నారు. కరోనా వచ్చి తగ్గిన తరువాత ఆమెకు వాసనలు సరిగ్గా తెలియవు. ఆ విషయం మాకందరికీ తెలుసు. తెలిసి కూడా అది ప్రమాదానికి సంబంధించిన సంగతని ఏనాడూ ఆలోచించలేదు. కూరలో మాడు వాసన ఆమెకు తెలియదని నవ్వుకోవడంతోనే సరిపెట్టుకున్నాము.

మురుగు గొట్టం అనుకున్నాను గనుక ప్లంబరును పిలిపించాను. మా వీధిలో అందరి ఇళ్ళకూ వచ్చే అబ్బాయే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నెమ్మదస్తుడు, పనిమంతుడు. పంపు కారినా, ట్యాంకు నిండి పొర్లినా పిలవగానే వస్తాడు. అతను అరలో తల పెట్టి చూసి, "అక్కా, ఇది మురుగు కాదు, గ్యాసు" అన్నాడు.

ఇక్కడ మా వంటింటి అమరిక కొంచెం చెప్పాలి. ఇల్లు కట్టించినప్పుడు, వంటింట్లో సిలిండరు కనిపిస్తే అందంగా ఉండదని, దాన్ని వెనుక వరండాలో పెట్టించాము. అక్కడి నుండి ఒక ఇనుప గొట్టం గోడలో నుండి వచ్చి, సింకు అర పక్కగా పైకి లేచి పొయ్యికి చేరుతుంది. ఆ గొట్టం వేసింది కూడా అప్పట్లో నీళ్ళ పైపులు వేసిన మేస్త్రీయే. ఎలాగూ పైపులు వేస్తున్నాడు కదా, దీన్ని కూడా అతని చేతనే వేయిస్తే ఒక పని తగ్గుతుందని మేమే అన్నాము.

ఆ అబ్బాయి చూపించిన చోట, గొట్టం వంపు తిరిగే దగ్గర మరలో సన్నని లీకు ఉన్నది. "వచ్చావు కదా, అదేదో నువ్వే సరిచేసి వెళ్ళు బాబూ" అన్నాను. అతను ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తటపటాయింపు నేను గమనించాను. గమనించి కూడా, "గ్యాసు వాళ్ళను పిలిస్తే ఎప్పటికి వస్తారో, ఇఫ్తార్‌కు వంట కావద్దూ" అన్నాను. అతను కాదనలేకపోయాడు. వరండాలో రెగ్యులేటరు ఆపి, రెంచితో వంపు విప్పి, నీళ్ళ పైపులకు చుట్టే తెల్లని టేపును నాలుగు చుట్లు చుట్టి, మళ్ళీ బలంగా బిగించాడు. రెగ్యులేటరు తెరిచి, జేబులో నుండి లైటరు తీసి, వెలిగించి, ఆ మర చుట్టూ మంటను తిప్పి చూపించాడు. "చూశారా అక్కా, ఎక్కడా అంటుకోలేదు. లీకు లేదు" అన్నాడు.

నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. నా కుమార్తె నా వెనుక నిలబడి చూస్తున్నది. నాకు కలిగిన భావం భయం కాదు, కృతజ్ఞత. మూడు వందల రూపాయలు చేతిలో పెట్టి పంపించాను.

మూడు రోజులు ఏ వాసనా లేదు. లేదా మాకు తెలియలేదు. ముక్కుకు ఒక స్వభావం ఉన్నది. ఏదైనా ఒక వాసనలో కొంతసేపు ఉంటే అది అలవాటైపోయి, వాసన పోయిందన్న భ్రమ కలుగుతుంది. బయటి నుండి వచ్చినవారికి గుప్పున కొట్టే వాసన ఇంట్లో ఉన్నవారికి తెలియకపోవడానికి కారణం ఇదే.

నాలుగో రాత్రి సంగతి. ఎండలు ముదరడం వల్ల మేమూ, పిల్లలూ హాలులో నేల మీద చాపలు పరచుకుని పడుకుంటున్నాము. అత్తమ్మ పక్క గదిలో మంచం మీద పడుకుంటారు. ఆమె రోజూ సహరీకి గంట ముందే లేచి తహజ్జుద్ చదువుకుంటారు. ఆ తరువాత వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టి మమ్మల్ని లేపుతారు. ఆ రాత్రి నాకు ఎందుకో మెలకువ వచ్చింది. నేలకు ఆనుకుని ఉన్న నా ముఖానికి అదే వాసన తగిలింది. లేచి కూర్చుంటే తగ్గింది. మళ్ళీ తల వంచితే ఎక్కువయింది. నిద్రమత్తులో అది ఏమిటో అర్థమయ్యే లోపల, వంటింటి తలుపు తీసిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ గడప దగ్గర నిలబడి, లైటు కోసం గోడ మీద చేత్తో తడుముకుంటున్నారు.

"అత్తమ్మా, స్విచ్చి ముట్టుకోకండి" అని అరిచాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆమె చెయ్యి బోర్డు మీద అలాగే ఆగిపోయింది. అల్హమ్దులిల్లాహ్, ఆమె ఎందుకని అడగలేదు.

తరువాతి పది నిమిషాల్లో మేము చేసిన పనులలో కొన్ని సరైనవి, కొన్ని అదృష్టం కొద్దీ తప్పినవి. వీధి తలుపు, కిటికీలు తెరిచాము. పిల్లల్ని, అత్తమ్మను వీధిలోకి పంపాము. మావారు ఇంట్లో నుండి కాకుండా పక్క సందులో నుండి చుట్టూ తిరిగి వరండాకు వెళ్ళి రెగ్యులేటరు ఆపారు. మా అబ్బాయి హాలులో తిరుగుతున్న ఫ్యాను ఆపబోతే వద్దన్నాను. స్విచ్చి వేసినప్పుడే కాదు, తీసినప్పుడు కూడా లోపల నిప్పురవ్వ పుడుతుంది. తిరుగుతున్నది తిరగనివ్వాలి, వెలుగుతున్నది వెలగనివ్వాలి, ఆగి ఉన్నదాన్ని ఆగి ఉండనివ్వాలి. ఇది నాకు ఎప్పుడో ఎక్కడో చదివిన జ్ఞాపకం, సమయానికి అక్కరకు వచ్చింది. కానీ వంటింట్లోనే ఉన్న ఫ్రిజ్జు సంగతి ఆ సమయంలో నాకు తోచనే లేదు. అది మన చెయ్యి పడకుండానే దానంతట అది ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఉంటుంది. అలా నడిచే ప్రతిసారీ లోపల ఒక రవ్వ పుట్టవచ్చు. ఆ పది నిమిషాల్లో అది నడిచిందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ రాత్రిపూట దాని మోత వినిపించినప్పుడు ఆ ఆలోచన వస్తుంది.

వీధి చివరకు వెళ్ళి ఫోను చేశాము. 1906 అనే సంఖ్య గ్యాసు లీకుల కోసమే ప్రత్యేకంగా ఉన్నది. 2016 జనవరి 1 నుండి అమలులో ఉన్న ఈ సంఖ్య మూడు ప్రభుత్వ గ్యాసు కంపెనీల వినియోగదారులకూ ఒకటే, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. సిలిండరు పుస్తకం మీద, బిల్లు మీద డీలరు అత్యవసర సంఖ్య కూడా ఉంటుంది. నా సిగ్గుచేటు సంగతేమిటంటే, ఆ పుస్తకం వంటింటి అలమారలోనే ఉన్నది. ఎదురింటివారు మా అలికిడికి లేచి వచ్చి, సంగతి విని, పెరుగన్నం, అరటిపళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆ రోజు మా సహరీ వారి అరుగు మీదనే జరిగింది.

మెకానిక్ వచ్చాడు. నడివయస్కుడు, మాటలు తక్కువ. అతను చేసిన మొదటి పని సబ్బు నీళ్ళు అడగడం. ఇంట్లోని వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, రెగ్యులేటరు కొద్ది క్షణాలు తెరిపించి, నురగను గొట్టం పొడవునా కుంచెతో పూశాడు. మా అబ్బాయి టేపు చుట్టిన వంపు దగ్గర ఒక్క బుడగ కూడా రాలేదు. గొట్టం గోడలోకి దూరే రంధ్రం దగ్గర మాత్రం నురగ కుతకుతలాడింది. గోడ లోపల ఇంకొక అతుకు ఉన్నది. బయటి వంపును రెంచితో బలంగా తిప్పినప్పుడు ఆ బలమంతా గొట్టం వెంట లోపలికి పోయి, గోడలో ఉన్న మరను కదిలించింది. ఒక రంధ్రం మూయబోయి, కంటికి కనిపించని చోట ఇంకొక రంధ్రం తెరిచామన్నమాట. "గోడలోపల అతుకు ఉండకూడదమ్మా" అని మాత్రం అన్నాడు. ఎవరు వేశారు, ఎవరు బిగించారు అని అడగలేదు. అడిగితే నేనేమి చెప్పగలిగేదాన్నో.

ఆ తరువాత నేను ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకునే ప్రయత్నం చేశాను. తెలుసుకున్నదాంట్లో మనకు పనికివచ్చేది కొంత చెబుతాను.

మన సిలిండరులో ఉండేది ప్రధానంగా ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి వల్ల ద్రవంగా మారి ఉంటుంది. ఆ ద్రవం ఒక లీటరు బయటకు వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఈ వాయువు గాలి కన్నా బరువైనది. అందువల్ల పైకి పోదు, నీళ్ళలాగా నేలబారున పారి, గుంటల్లో, అరల్లో, మంచాల కింద నిలుస్తుంది. నేల మీద పడుకున్న నాకు తెలిసి, మంచం మీద ఉన్నవారికి తెలియకపోవడానికి ముక్కుతో పాటు ఇది కూడా ఒక కారణం. గాలిలో ఇది సుమారు నూటికి రెండు పాళ్ళు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల వంటిల్లు ఒకటి లెక్కవేసి చూడండి. ఆ గది మొత్తం అంటుకునే స్థితికి రావడానికి దాదాపు ఒకటింబావు కిలోల గ్యాసు సరిపోతుంది. మన సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అంటే పదో వంతు కూడా అక్కర్లేదు. పైగా అది గదంతా సమానంగా పరుచుకోదు, కిందనే చేరుతుంది గనుక, నేల దగ్గర ప్రమాదం రావడానికి అంతకన్నా ఎంతో తక్కువ చాలు. సింకు కింది అర వంటి మూసిన చోటైతే చెప్పనవసరం లేదు. ఆ అర దగ్గరే లైటరు వెలిగింది.

ఇంకొక సంగతి. అసలు ఈ వాయువుకు ఏ వాసనా లేదు. మనకు తెలిసే ఆ దుర్గంధం ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థానిది. దాన్ని కావాలనే కలుపుతారు. అంటుకోవడానికి కావలసిన మోతాదులో అయిదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తెలిసేటట్లు కలపాలన్నది నియమం. ఈ నియమం వెనుక పెద్ద దుఃఖం ఉన్నది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరు. చుట్టూ చమురు బావులున్న సంపన్నమైన ప్రాంతం. అక్కడి పాఠశాల భవనాన్ని చలికాలంలో వెచ్చగా ఉంచడానికి గ్యాసు వాడేవారు. 1937 తొలి నెలల్లో, బిల్లు ఖర్చు మిగులుతుందని, డబ్బు చెల్లించే గ్యాసును మాన్పించి, పక్కనుంచి పోయే చమురు కంపెనీ గొట్టానికి కన్నం పెట్టి, వారు వృథాగా కాల్చివేసే గ్యాసును పాఠశాలకు మళ్ళించుకున్నారు. ఆ పని ప్లంబరు చేతనే చేయించారు. ఆ ప్రాంతంలో అది అందరూ చేసే పనే. ఎక్కడో అతుకు దగ్గర లీకై, భవనం నేలకింది ఖాళీలో గ్యాసు నిండింది. వాసన లేదు గనుక ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18 మధ్యాహ్నం మూడు దాటిన తరువాత, చెక్కపని నేర్పే ఉపాధ్యాయుడు ఒక విద్యుత్ యంత్రం స్విచ్చి వేశాడు. దాదాపు మూడు వందల మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు. ఆ తరువాత కొద్ది వారాల్లోనే టెక్సాస్‌లో గ్యాసుకు వాసన కలపాలని చట్టం చేశారు. ఇతర ప్రాంతాలూ అదే దారి పట్టాయి. ఈనాడు మన వంటింట్లో మనం ముక్కు మూసుకునే ఆ వాసన వెనుక ఆ పిల్లల చరిత్ర ఉన్నది.

ఇది చదివిన తరువాత, అదే రాష్ట్రంలో కాపురముంటున్న మా పిన్ని కూతురుతో ఫోనులో మాట్లాడాను. "గ్యాసు లీకైతే మేమూ ప్లంబరునే పిలుస్తాము అక్కా" అన్నది. నాకు ఆశ్చర్యమేసింది. మరి నేను చేసిన తప్పేమిటి? వివరంగా అడిగితే తెలిసింది. అక్కడ వాసన రాగానే ముందు ఇంట్లో నుండి బయటకు వచ్చి గ్యాసు కంపెనీకి ఫోను చేస్తారు. వారు వచ్చి లీకు ఉన్నదని తేలితే మీటరు దగ్గరే గ్యాసు ఆపివేసి వెళ్ళిపోతారు. ఇంటి లోపలి గొట్టం బాగుచేయడం వారి పని కాదు. అప్పుడు ఇంటివారు ప్లంబరును పెట్టుకోవాలి. కానీ ఆ ప్లంబరు అంటే రాష్ట్ర బోర్డు పరీక్ష నెగ్గి, లైసెన్సు పొందినవాడు. అతను గొట్టంలో గాలి ఒత్తిడి నింపి, గడియారం పెట్టుకుని, ఒత్తిడి దిగుతున్నదా లేదా చూస్తాడు. తనిఖీ అయిన తరువాతనే కంపెనీ మళ్ళీ గ్యాసు వదులుతుంది. బ్రిటన్‌లోనైతే గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరు లేనివారు గ్యాసు పని చేయడం చట్టరీత్యా నేరం. మనం కూడా ప్లంబరు అనే పదమే వాడుతున్నాము. కానీ మన దగ్గర ఆ పదానికి అర్థం నీళ్ళ మేస్త్రీ. అతనికి గ్యాసు గురించి ఎవరూ నేర్పలేదు, ఎవరూ పరీక్షించలేదు. నీళ్ళ గొట్టం లీకైతే గోడ తడుస్తుంది, చూసి మళ్ళీ బిగించవచ్చు. ఇక్కడ అటువంటి రెండో అవకాశం ఉంటుందన్న నమ్మకం లేదు.

మరి ఎవరిని పిలవాలి? సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం, పొయ్యి వీటిలో దేనికి సంబంధించిన లీకైనా మన డీలరు మెకానిక్‌నే పిలవాలి. ఆలస్యమవుతుందంటే అయింది. ఆ పూటకు హోటలు నుండి తెచ్చుకోవచ్చు, పొరుగింట్లో వండుకోవచ్చు. ఇఫ్తార్ ఖర్జూరంతో, నీళ్ళతో కూడా అవుతుంది. ఈ మాట ఆ రోజు నాకు నేను చెప్పుకుని ఉంటే బాగుండేది. మాలాగా గోడలో నుండి లోహపు గొట్టం వేయించుకున్నవారు మాత్రం దాన్ని గ్యాసు పైపుల పనే వృత్తిగా చేసేవారికే అప్పగించాలి. వచ్చిన మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: "పని అయిన తరువాత లీకు లేదని ఎలా చూస్తావు?" ఒత్తిడి పెట్టి చూస్తానన్నా, సబ్బు నీళ్ళతో చూస్తానన్నా లోపలికి రానివ్వండి. లైటరు తీస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపించండి.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో కొన్ని ఇళ్ళకు ఇప్పుడు గొట్టాల ద్వారానే గ్యాసు వస్తున్నది. అది వేరే వాయువు, ప్రధానంగా మీథేను. గాలి కన్నా తేలికైనది గనుక పైకప్పు దగ్గర చేరుతుంది. అక్కడ కిటికీ పైభాగం తెరిచి ఉండటం ముఖ్యం. మీటరు, గొట్టం ఏవైనా ఆ కంపెనీ సొత్తు, వారి మనుషులే ముట్టుకోవాలి. అత్యవసర సంఖ్య కంపెనీ బిల్లు మీద ఉంటుంది. వంటింట్లో దాన్ని ఆపే మర ఎక్కడున్నదో ఇంట్లోని ప్రతి మనిషికీ, పనమ్మాయితో సహా, తెలిసి ఉండాలి.

మా ఇంటికి వచ్చిన మెకానిక్ రబ్బరు గొట్టాన్ని కూడా తిప్పి చూశాడు. నారింజ రంగు సురక్షా గొట్టమే. దాని మీద అచ్చువేసిన సంవత్సరం చూసి ఏడేళ్ళయిందన్నాడు. దాని ఆయుష్షు అయిదేళ్ళు. ఏడేళ్ళుగా దాన్ని రోజూ తుడుస్తూ, ఆ అంకెను ఒక్కసారీ చదవలేదు నేను. సిలిండరు పైన పట్టీ మీద కూడా ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుండి మార్చి, బి అంటే ఏప్రిల్ నుండి జూన్, సి జులై నుండి సెప్టెంబరు, డి అక్టోబరు నుండి డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. ఆ గడువు లోపల సిలిండరును మళ్ళీ పరీక్షించాలని దాని అర్థం. గడువు దాటినదాన్ని తీసుకోనవసరం లేదు. సిలిండరు తెచ్చిన అబ్బాయిని మూత తీసి, లోపలి రబ్బరు వాషరు సరిగ్గా ఉన్నదో లేదో చూపించి వెళ్ళమనడం మన హక్కు. వాళ్ళు తొందరలో ఉంటారు, మనకూ మొహమాటం. పది సిలిండర్లు మోసిన మనిషిని ఇంకొక నిమిషం నిలబెట్టాలంటే నాకూ మనసొప్పదు. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇస్తే ఆ నిమిషం గడుస్తుంది.

గోడలోని గొట్టాన్ని మెకానిక్ పూర్తిగా తీసివేయించాడు. సిలిండరు ఇప్పుడు వంటింట్లోనే, కిటికీ పక్కన, అరలో కాకుండా బయట, నేల మీద నిటారుగా నిలబడి ఉన్నది. పొయ్యి దానికన్నా ఎత్తులో, గట్టు మీద. మధ్యలో కొత్త గొట్టం. చూడటానికి ఏమంత బాగులేదు. "ఇంత ఖర్చు పెట్టి గ్రానైటు వేయించి, ఎర్ర సిలిండరు ముందు పెట్టుకున్నారే" అని వచ్చిన చుట్టాలు అంటున్నారు. అత్తమ్మ వారికి సమాధానం చెబుతారు. నిద్రకు ముందు ఇంట్లో నిప్పు ఆర్పమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించిన సంగతి మనందరికీ చిన్ననాటి నుండి తెలుసు. దాని ప్రకారం రెగ్యులేటరు ఆపే బాధ్యత ఆమే తీసుకున్నారు. వాసన తెలియకపోయినా మర తిరిగిందో లేదో చేతికి తెలుస్తుంది కదా అంటారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. పండుగకు రెండు రోజుల ముందు మేడ మీద ట్యాంకు పంపు చెడితే పిలిపించాను. పని అయ్యాక కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పాను. కోపంగా చెప్పలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. వద్దని అతని ముఖం చెబుతున్నా నేనే ఒప్పించాను. పైగా ఆ లైటరు వెలిగినప్పుడు అందరికన్నా దగ్గరగా ఉన్నది అతని ముఖమే. నేను ఆ మాట అన్నప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా మేస్త్రీ అలాగే చూసేవాడక్కా. ఆయన దగ్గరే నేర్చుకున్నాను" అన్నాడు. జేబులో నుండి మూడు వంద నోట్లు తీసి ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

"ఇంకా ఎవరింట్లో చేశావు?" అని అడిగాను.

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు ఇళ్ళు. అందులో ఒకటి మా ఆడపడుచు వాళ్ళది. ఒకటి ముగ్గురు పసిపిల్లలున్న ఇల్లు. ఒకటి ఒంటరిగా ఉండే ముసలమ్మది. ఆ రాత్రే మావారు, ఆ అబ్బాయి కలిసి బయలుదేరారు. ఏదీ ముట్టుకోకూడదు, బిగించకూడదు, నురగ పూసి చూడటం వరకే అని మావారు ముందే షరతు పెట్టారు. బుడగ వచ్చిన ఇంట్లో రెగ్యులేటరు ఆపించి, వారి చేతనే 1906కు ఫోను చేయించాలని నిర్ణయించుకున్నారు. మొదటి రాత్రి నాలుగు ఇళ్ళు చూశారు. మూడింట్లో ఏమీ లేదు. ముసలమ్మ ఇంట్లో పొయ్యి దగ్గరి మర చుట్టూ సన్నగా బుడగలు వచ్చాయి. ఆమె నాలుగు రోజులుగా చచ్చిన ఎలుక కోసం అలమారలు వెతుకుతున్నారట.

మర్నాడు ఇఫ్తార్ అయ్యాక అతను మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మిగిలిన ఏడు ఇళ్ళకు వెళ్ళాలి, సబ్బు నీళ్ళు మగ్గులో పట్టుకుని తిరుగుతుంటే దారిలో ఒలికిపోతున్నాయి, మూత ఉన్న ఖాళీ షాంపూ సీసా ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగాడు. మా అమ్మాయి స్నానాల గదిలోకి పరుగెత్తి, ఇంకా సగం షాంపూ ఉన్న సీసాను ఒక గిన్నెలో వంచి, కడిగి తెచ్చి ఇచ్చింది.